కీలాలానికి రెండో అర్థం

నాలుగో అంతస్తులో లిఫ్టు ఎక్కేటప్పటికి మాస్టారు బతికే ఉన్నారు. కింద తలుపులు తెరుచుకునేటప్పటికి లేరు.

మధ్యలో పట్టింది ఇరవై రెండు సెకన్లు. ఉదయం పదకొండు గంటలకి పత్రికాఫీసులో ఎవరి పరుగు వారిది. లిఫ్టులో ఆయనతో పాటు ఇంకెవరున్నారో ఎవరూ చూడలేదు. ఆయన మూలకి ఆనుకుని, చంకలో ఫైలుతో, కళ్లు తెరుచుకునే నిలబడి ఉన్నారు. సెక్యూరిటీ గార్డు "దిగండి మాస్టారూ" అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం తట్టాడు. మనిషి నిలువునా ఒరిగిపోయాడు. మెడ వెనక, కాలరుకి కాస్త పైన, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. ఫైల్లో ఒక్క కాగితం లేదు.

రిటైరైన టీచరాయన. పందొమ్మిదేళ్లుగా ఆ పత్రిక ఏడో పేజీలో, కుడివైపు అడుగున, అగ్గిపెట్టెంత కాలమ్ రాస్తున్నారు. దాని పేరు 'మాట - తేదీ'. పైన ఎవరూ వాడని ఒక మాట, దాని అర్థం. కింద అదే తేదీన వేర్వేరు సంవత్సరాల్లో జరిగిన మూడు సంఘటనలు. అలాంటి మనిషిని ఎవరు చంపుతారు? ఎందుకు చంపుతారు?

ఆ ప్రశ్న మధ్యాహ్నానికల్లా ఇంటెలిజెన్స్ డిపార్టుమెంటు బేస్‌మెంట్లోకి, రికార్డుల గదిలోకి దిగింది. అక్కడ మూడేళ్లుగా పాత ఫైళ్లకి నంబర్లు వేస్తున్న ఒకావిడ ఉంది. వయసు నలభై ఆరు. మోకాళ్ల నొప్పులు, మొహమాటం లేని నోరు. డిపార్టుమెంటులో ఆమెని అందరూ ముల్లు అనే పిలుస్తారు, ఎదురుగా కూడా.

"కూర్చోమనను. ఎక్కువసేపు పట్టదు," అన్నాడు డైరెక్టర్, తలెత్తకుండా.

"కూర్చోవాలని నాకూ లేదు సార్."

ఆయన టేబుల్ మీద రెండు పేపర్ కటింగులు పడేశాడు. "నిన్న సరిహద్దు దగ్గర ఒక కొరియర్ దొరికాడు. పళ్ల సందులో విషం పెట్టుకున్నాడు, నోరు విప్పకుండానే పోయాడు. బూటు అడుగున ఇవి ఉన్నాయి. మొదటిది చదువు."

ముల్లు చదివింది. *సౌదామని: మెరుపు.*

"అది అచ్చయిన రోజునే కరెంటు సబ్‌స్టేషన్ పేలింది. రెండోది?"

*ఘంటాపథము: పెద్ద రహదారి.*

"నిన్న సాయంత్రం హైవే బ్రిడ్జి. రెండిటికీ కలిపి పదకొండు మంది పోయారు. విదేశీ ముఠా. వాళ్ల మనుషులు ఊరంతా ఉన్నారు. ఫోన్లు వాడరు, రేడియో వాడరు. పొద్దున్నే పేపరు కొనుక్కుని ఆర్డర్లు అందుకుంటున్నారు."

"మాస్టారు వాళ్ల మనిషా?"

"అది నువ్వు తేల్చాలి. మాటల మీద పని చేసినవాళ్లు డిపార్టుమెంటులో నువ్వు తప్ప ఎవరూ మిగల్లేదు. లేకపోతే నీ మొహం చూసేవాణ్ణి కాదు."

ఆ మాటలో అబద్ధం లేదని ముల్లుకి తెలుసు. మూడేళ్ల క్రితం శత్రువుల మెసేజ్ ఒకటి పట్టుబడింది. అందులో 'వారణం' అనే మాట ఉంది. వారణం అంటే ఏనుగు అని ఆమె ఢంకా బజాయించి చెప్పింది. టీమంతా జంతు ప్రదర్శనశాల చుట్టూ కాపు కాసింది. వారణం అంటే అడ్డు అని కూడా అర్థం ఉంది. బాంబు పేలింది చెక్‌పోస్టు దగ్గర. అక్కడ డ్యూటీలో ఉన్నవాడు డైరెక్టర్ తమ్ముడు.

"మాస్టారి సీట్లో కూర్చుంటావు," అన్నాడు డైరెక్టర్. "ఆయన మేనకోడలివి. సినిమా పేజీ రాసే ఆవిడ రెండేళ్లుగా మన ఏజెంటు. కోడ్ నేమ్ నెమలి. ఆవిడ చెప్పినట్టు విను. సొంత తెలివి చూపించకు."

టెక్నికల్ సెక్షన్ వాళ్లు నెరిసిన విగ్గు, సీసా అడుగు లాంటి కళ్లజోడు, చెవి రింగులో ఇమిడే వైర్‌లెస్, క్యాపులో కెమెరా ఉన్న బాల్‌పెన్ను ఇచ్చారు. తెచ్చిచ్చిన కుర్రాడు కూడా ఆమెతో మాట కలపలేదు. సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

మూడోరోజు ముల్లు మాస్టారింటికి వెళ్లింది. తలుపు తీసిన పెద్దావిడ ఆమెని తలనుంచి కాళ్లదాకా చూసింది.

"అత్తయ్యా, నేను..."

"ఆయనకి అక్కచెల్లెళ్లే లేరు. మేనకోడలివి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావు?"

ముల్లు ఏదో సర్దిచెప్పబోయింది. పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"పోలీసువా?"

"అలాంటిదాన్నే."

"అలా ఏడవచ్చుగా ముందే! చెప్పులు విప్పి లోపలికి రా. ఆయన్ని దొంగ అంటే మాత్రం బయటికి గెంటుతాను."

లోపల గదిలో గోడ పొడుగునా నిఘంటువులు. మధ్యలో చిన్న బల్ల. దాని కింద అట్టపెట్టెల్లో పందొమ్మిదేళ్ల కార్బన్ కాపీలు. "పత్రికల వాళ్లు ఇచ్చిన కాగితం ఇచ్చినట్టే పారేస్తారని ప్రతిదానికీ నకలు ఉంచేవారు," అంది ఆవిడ. "బ్రిడ్జి కూలిన రోజున పేపరూ నకలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. మొహం నల్లబడిపోయింది. 'ఇది నేను రాసింది కాదే' అన్నారు. కిందటి నెల్లో ఇలాగే ఇంకోసారి జరిగితే సబ్ ఎడిటర్లు ఏదో కెలికారనుకుని ఊరుకున్నారట. మర్నాడు ఆ రెండు రోజుల పేపర్లూ ఫైల్లో పెట్టుకుని, అడిగొస్తానని వెళ్లారు." ఆవిడ ఒక అట్టపెట్టె ముందుకి లాగింది. "అడిగారో లేదో మరి."

ముల్లు రెండు రోజుల కార్బన్లూ తీసింది. మాస్టారు రాసిన మాటలు వేరు. అచ్చయిన మాటలు వేరు. సంఘటనల్లో మొదటి రెండూ మాస్టారివే. మూడోది ఎవరో మార్చారు. మొదటిసారి: *1825: ఒక రాజధానిలో గంటస్తంభం నిర్మాణం పూర్తి.* రెండోసారి: *1710: ఒక నౌక రేవు చేరింది.* ఏ రాజధాని, ఏ నౌక? గోడనున్న పుస్తకాల్లో ఎక్కడా లేవు. పచ్చి కల్పన.

సబ్‌స్టేషన్ ఎన్నింటికి పేలింది? పాత పేపరు తిరగేసింది. సాయంత్రం ఆరూ ఇరవై అయిదు. బ్రిడ్జి? అయిదూ పది.

"అత్తయ్యా, రైల్వే టైములో ఆరూ ఇరవై అయిదుని ఎలా రాస్తారు?"

"పద్దెనిమిది... ఇరవై అయిదు," అని పెద్దావిడ తనే నోటిమీద చెయ్యి వేసుకుంది.

మాట చెప్పేది ఎక్కడో. దొంగ చరిత్ర చెప్పేది ఎప్పుడో. చంపిన వాళ్లు మాస్టారి కాలమ్‌ని వాడుకున్నారు. అది కనిపెట్టినందుకు మాస్టారిని చంపారు. ముల్లు ఆ మాట పెద్దావిడకి చెప్పింది. ఆవిడ ఏడవలేదు. "నాకు తెలిసిందే నాకు చెప్పడానికి మీకు గవర్నమెంటు ఉద్యోగం," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

పత్రికాఫీసులో ముల్లుకి స్వాగతం అంతకంటే చల్లగా జరిగింది. కుంటి కుర్చీ ఇచ్చారు. ఎడిటర్ ఆమె రాసిన మొదటి కాలమ్ చూసి "మీ మావయ్య చేతిరాతే నయం" అన్నాడు. లైబ్రరీలో పాత పేపర్ల దొంతర వెనక నిలబడి ఉండగా సెంటు వాసన ముందు వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. గులాబీ రంగు సిల్కు, ఎత్తు మడమల చెప్పులు, ఏ ఫొటోకైనా సిద్ధంగా ఉన్న నవ్వు.

"ఈ ఫ్యాను తిరుగుతోందా?" అంది ఆమె.

"తిరుగుతోంది. గాలే రావట్లేదు," అంది ముల్లు, ముందే చెప్పి పంపిన గుర్తు జవాబుగా.

నెమలి నవ్వు తీసేసింది. "నిన్ను పంపారా? ఇంకెవరూ దొరకలేదా? ఏనుగు కథ విన్నాను."

"విన్నావు కాబట్టి మళ్లీ చెప్పక్కర్లేదు. పేజీ ఎవరు మారుస్తున్నారో పట్టుకోవాలి. పేజీలు కట్టే టేబుల్ మీద పెన్ స్టాండులో నా కెమెరా పెన్ను పెడుతున్నాను. రేపట్నుంచి రికార్డవుతుంది."

"మంచి ఐడియా," అంది నెమలి. "నీది కాదనుకుంటా."

ఆరు రోజులు ఏమీ జరగలేదు. ఆరు మాటలు, పద్దెనిమిది సంఘటనలు ముల్లు రాసినవి రాసినట్టే అచ్చయ్యాయి. ఏడోరోజు పొద్దున్న పేపరు తెరిచింది. ముందురోజు ఆమె రాసిచ్చిన మాట 'కైదండ'. నడవలేని వాళ్లకి చేతి ఊత. పేజీలో అది లేదు.

*కీలాలము: నెత్తురు.*

కింద మూడో సంఘటన: *1640: ఒక ద్వీపంలో మొదటి దీపస్తంభం వెలిగింది.*

ఆమె చెవి రింగు నొక్కింది. "డైరెక్టర్ గారు కావాలి. అర్జంట్."

"తెలుసు," అంది డైరెక్టర్ గొంతు. "నెమలి ఎనిమిదింటికే చెప్పింది. నెత్తురు. సెంట్రల్ బ్లడ్ బ్యాంక్. నాలుగూ నలభై. ఇవాళ అక్కడ ముగ్గురు మంత్రులు రక్తదానం చేస్తున్నారు. ఉన్న బలగమంతా అక్కడికి దింపుతున్నాను. నువ్వు సీట్లోంచి కదలకు."

అంతా సరిపోయింది. సరిపోయినందుకే ముల్లు నమ్మలేదు. వారణం కూడా ఇలాగే సరిపోయింది మరి.

మధ్యాహ్నం పేజీలు కట్టే గది ఖాళీ అయ్యాక వెళ్లి పెన్ను చూసింది. స్టాండులోనే ఉంది. కానీ క్యాపు గోడవైపు తిరిగి ఉంది. రికార్డయిందంతా సున్నం. పెన్ను సంగతి ఈ భవనంలో తెలిసిన మనిషి ఇంకొక్కతే.

తొందరపడకూడదు అనుకుంది. ఊడ్చేవాళ్లు తిప్పి ఉండొచ్చు. లైబ్రరీకి వెళ్లి పెద్ద నిఘంటువు తీసి 'కీ' దగ్గరికి వచ్చింది. 'కీర్తి' ఉంది, 'కీలు' లేదు. మధ్యలో ఒక పేజీని బ్లేడుతో శుభ్రంగా, కుట్టు దగ్గరికంటా కోసేశారు. వేలితో తడిమితే కోత ఇంకా గరుగ్గా ఉంది. కొత్తది.

ఫోన్ అందుకుంది. "అత్తయ్యా, మావయ్యగారి నిఘంటువులో కీలాలము చూడండి. ఉన్నదంతా చదవండి, ఒక్క అక్షరం వదలకుండా."

"పేపర్లో చూశాను. ఆయన ఉంటే ఇలా సగం రాసేవారు కాదు," అంటూ పెద్దావిడ పేజీలు తిప్పింది. "ఇదిగో. కీలాలము: ఒకటి, నెత్తురు. రెండు, నీరు. వింటున్నావా? నీరు!"

గోడ గడియారం మూడూ యాభై రెండు.

డైరెక్టర్ రెండో రింగుకి ఎత్తాడు. ముల్లు ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది: పెన్ను, పేజీ, రెండో అర్థం. "టార్గెట్ నీళ్లు సార్. నెమలి డబుల్ ఏజెంట్. నెత్తురు అని వేసింది మనకోసం. వాళ్ల మనుషులు మాటే చూస్తారు, అర్థం చూడరు."

"ఆ రోజు కూడా ఇంత గట్టిగానే చెప్పావు," అన్నాడాయన. "నీ మాట నమ్మి నా తమ్ముణ్ణి ఆ చెక్‌పోస్టు దగ్గర వదిలేశాను. ఇవాళ నీ మాట నమ్మి ముగ్గురు మంత్రుల్ని వదిలెయ్యనా?"

"ఇద్దర్నైనా పంపండి సార్."

"ఒక్కణ్ణి కూడా పంపను." లైన్ తెగింది.

ముల్లు టెలిఫోన్ డైరెక్టరీ తెరిచింది. మళ్లీ తప్పయితే? తప్పయినా ఈసారి పోయేది తన పరువే, అది ఎప్పుడో పోయింది. మంచినీళ్ల ఫిల్టర్ హౌస్ నంబరు తిప్పింది.

"ఎవరండీ?" చిరాకు గొంతు. అక్కడి ఆపరేటర్.

"నాలుగూ నలభైకి మీ దగ్గర ఏం జరుగుతుంది?"

"ఏం జరుగుతుందమ్మా, శాంపిల్ తీస్తాం. ఊళ్లోకి నీళ్లు వెళ్లే సంపు మూత రోజు మొత్తంలో ఎత్తేది అప్పుడొక్కసారే. ఎందుకు?"

"ఇవాళ ఎత్తకండి."

"ఎత్తొద్దని చెప్పడానికి మీరెవరు? నాకిప్పుడు టైము లేదు. సినిమావాళ్లు లొకేషన్ చూడ్డానికి వస్తున్నారు." టక్కున పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎంగేజ్. మళ్లీ చేసినా ఎంగేజ్.

టాక్సీ ఊరు దాటేటప్పటికి నాలుగూ పదిహేను. ముల్లు విగ్గు పీకి సీటు కింద పడేసింది. డ్రైవరు అద్దంలో చూసి అదిరిపడ్డాడు. "భయపడకు, తల అక్కడే ఉంది. ఇంకాస్త తొక్కు," అంది.

ఫిల్టర్ హౌస్ గేటు దగ్గర నాలుగూ ముప్ఫై మూడు. ఆపరేటర్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందు లావుపాటి రిజిస్టరు.

"పేరు, వచ్చిన టైము, పని. చెప్పులు బయట వదలాలి."

"సినిమా ఆవిడ లోపలుందా?"

"ఉంది. సంపు గదిలో ఫొటోలు తీసుకుంటోంది. శాంపిల్ మూత ఎత్తి ఉంచమంది, వెలుగు బాగా పడుతుందని. అడిగింది కదా, అయిదు నిమిషాలే కదా అని ఎత్తాను. మీరు ముందు సంతకం..."

ముల్లు అప్పటికే చెప్పులు విప్పి పరిగెడుతోంది. "అమ్మా! సంతకం!" అని అరుస్తూ ఆపరేటర్ గేటుకి తాళం వేసుకుని వెనకపడ్డాడు.

సంపు గది తెల్లటి టైల్స్‌తో, తడిగా, చల్లగా ఉంది. నేలలో పళ్లెమంత గుండ్రటి కంత. పక్కన ఇనప మూత. కంత కింద ఊరంతా తాగే నీళ్లు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. నెమలి మోకాళ్ల మీద కూర్చుని కాఫీ ఫ్లాస్కు మూత తిప్పుతోంది. చేతులకి రబ్బరు తొడుగులు. గోడ గడియారం నాలుగూ ముప్ఫై ఏడు.

"సినిమాలో ఈ సీను ఉండదు, లే," అంది ముల్లు.

నెమలి తల తిప్పింది. ఆశ్చర్యం ఒక్క రెప్పపాటే. "బ్లడ్ బ్యాంకులో నీ కుర్చీ ఖాళీగా ఉంటుందేమో."

"ఉండనీ. అక్కడ నన్ను ఎవరూ పిలవలేదు."

"ఎక్కడా పిలవరు నిన్ను. నీ మాట మీద నీ డైరెక్టరే రాలేదు చూశావా? ఆ ఏనుగు మెసేజ్ నీ టేబుల్ మీదికి వచ్చేలా చేసింది కూడా మావాళ్లే. నువ్వు ఏ అర్థం చెబుతావో మాకు ముందే తెలుసు. మొదట తట్టిందే పట్టుకుని ఊగుతావు."

మూడేళ్ల కోపం తర్వాత తీర్చుకోవచ్చు అనుకుంది ముల్లు. గడియారం ముప్ఫై ఎనిమిది. గోడకి శాంపిల్ తీసే గరిటె తగిలించి ఉంది. బారెడు పొడవు ఇనప కాడ.

నెమలి ఎడమ చేత్తో లిప్‌స్టిక్ తీసింది. ముల్లుకి మాస్టారి మెడ మీది ఎర్రటి చుక్క గుర్తొచ్చింది. పక్కకి దూకింది. లిప్‌స్టిక్‌లోంచి వెలువడ్డ సన్నటి సూది ఆమె చెవి పక్కనుంచి పోయి టైల్‌కి తగిలి విరిగింది. లేస్తూనే గరిటె అందుకుని, ఉన్న బలమంతా పెట్టి నెమలి మణికట్టు మీద కొట్టింది. ఎత్తు మడమలు తడి టైల్స్ మీద జారాయి. నెమలి వెల్లకిలా పడింది. ఫ్లాస్కు నేలమీద దొర్లింది, వదులైన మూతతో, తిన్నగా కంత వైపు.

ముల్లు ఆలోచించలేదు. కంత మీద బోర్లా పడిపోయింది. నొప్పి మోకాళ్లు టైల్స్‌కి ఫట్‌మన్నాయి. ఫ్లాస్కు వచ్చి ఆమె పక్కటెముకలకి కొట్టుకుని ఆగింది. మూత ఒక్క చుట్టు మీద నిలిచింది. ఆమె రెండు వేళ్లతో దాన్ని బిగించింది. అప్పుడే షిఫ్టు బెల్లు మోగింది.

నాలుగూ నలభై.

"ఏం చేస్తున్నారు మీరిద్దరూ!" ఆపరేటర్ గుమ్మంలో రొప్పుతున్నాడు.

"ఊరికెళ్లే వాల్వు కట్టెయ్! తర్వాత తిట్టు!"

అతను రెండు చేతులతో చక్రం తిప్పాడు. నెమలి లేచి, చెప్పులు వదిలేసి, అతని పక్కనుంచి దూసుకుపోయింది. ముల్లు లేవబోయింది, మోకాళ్లు ఒప్పుకోలేదు.

"పోతోంది, పట్టుకో!"

"ఎక్కడికి పోతుంది?" అన్నాడు ఆపరేటర్, చక్రం వదలకుండా. "వచ్చేటప్పుడు చెప్పులూ విప్పలేదు, నవ్వుతూ సంతకమూ ఎగ్గొట్టింది. రిజిస్టర్లో ఎక్కని మనిషికి గేటు తెరవడానికి రూల్ లేదు. తాళం నా దగ్గరుంది."

ముప్పావుగంట తర్వాత మొదటి జీపు వచ్చింది. అందులోంచి డైరెక్టర్ ఒక్కడే దిగాడు. బ్లడ్ బ్యాంకులో నాలుగూ నలభై దాటినా ఏమీ జరగలేదు. ముగ్గురు మంత్రులూ రక్తమిచ్చి బిస్కట్లు తిని వెళ్లిపోయారు. గేటు దగ్గర ఇనప కటకటాలు పట్టుకుని వట్టికాళ్లతో నిలబడ్డ నెమలిని చూశాడు. లోపలికొచ్చి, టైల్స్ మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్న ముల్లునీ, ఆమె ఒళ్లో ఉన్న ఫ్లాస్కునీ చూశాడు. కంతలోకి వంగి నీళ్లని చాలాసేపు చూశాడు.

"దీంతో అది చెల్లిపోయిందనుకోకు," అన్నాడు చివరికి.

"అనుకోను సార్."

"ఆ మెసేజ్ కావాలనే నీ దగ్గరికి పంపారని అక్కడ గేటు దగ్గర అరుస్తోంది."

"నిజమే కావచ్చు. అయినా తప్పు చదివింది నేనే."

ఆయన చెయ్యి చాచాడు. ముల్లు ఆ చెయ్యి వంక చూసి, పట్టుకుని లేచింది. లేవగానే ఇద్దరూ వదిలేశారు.

మర్నాడు ఉదయం ఆమె రికార్డుల గదిలోకి వెళ్లేసరికి, ఇంటి నంబరని పత్రికలో రాయించిన ఫోన్ మోగుతోంది. పత్రిక ఎడిటర్. నిన్నట్నుంచి పాఠకులు ఫోన్లు చేసి తిట్టిపోస్తున్నారట, కీలాలానికి ఉన్న అర్థాల్లో సగమే వేశారేమిటని.

"మీ మావయ్య పందొమ్మిదేళ్లలో ఇలాంటి పని చెయ్యలేదు. మీరు రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు. "పనంటే శ్రద్ధ ఉండాలమ్మా. మా సినిమా పేజీ ఆవిణ్ణి చూసి నేర్చుకోండి. రెండేళ్లలో ఒక్క అచ్చుతప్పు లేదు, ఒక్కరోజు మానలేదు. పాపం, చెప్పకుండా సెలవు పెట్టడం ఇవాళే మొదటిసారి."